మూలం మారలేదు, మరి యంత్రంలో నడిచేది అదేనా?

దిల్‌సుఖ్‌నగర్ మెట్రో స్టేషను మెట్లు దిగి ఏ సందులోకి తిరిగినా రెండు రకాల బోర్డులు కనబడతాయి. ఒకటి కోచింగ్ సెంటర్లవి, రెండవది జిరాక్సు దుకాణాలవి. ఉద్యోగ పరీక్షలకు, కంప్యూటరు కోర్సులకు ఊళ్లనుంచి వచ్చి హాస్టళ్లలో ఉంటున్న విద్యార్థులు ఒకరి నోట్సు మరొకరు జిరాక్సు తీయించుకొంటూ ఉంటారు. నకలు సరిగా వచ్చిందో లేదో అని అనుమానం కలిగితే చేయవలసిన పని చాలా తేలిక. అసలు కాగితాన్నీ, నకలునూ పక్కపక్కన పెట్టి చూడడమే.

కంప్యూటరు విషయంలో ఇంత తేలిక కాదు. మనిషి రాసిన ప్రోగ్రాము ఒకటి, యంత్రం నడిపే ప్రోగ్రాము మరొకటి. ఈ రెండింటికీ పోలిక కంటికి కనబడదు. ఎందుకంటే రెండవది మొదటిదానికి నకలు కాదు, అనువాదం. అసలు కాగితం బీరువాలో భద్రంగా ఉన్నది, దానిలో ఒక్క అక్షరమూ మారలేదు. అంతమాత్రం చేత యంత్రంలో ఉన్న అనువాదం ఆ కాగితానిదే అని చెప్పగలమా? చెప్పాలంటే ఏయే పరీక్షలు చేయవలె? ఈ వ్యాసంలో చూద్దాం.

ఒక పైసా తేడా

ఎల్.బి.నగర్‌లో నివసించే ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు బ్యాంకులో 7,350 రూపాయలు దాచుకొన్నారనుకొందాం. వడ్డీ సంవత్సరానికి నూటికి ఏడున్నర. నెలకు ఎంత వస్తుంది? 7,350ని 7.5 తో గుణించి, 1,200 తో భాగిస్తే 45.9375 వస్తుంది. దగ్గరి పైసాకు సవరిస్తే 45 రూపాయల 94 పైసలు. కాని పాసుపుస్తకంలో 45 రూపాయల 93 పైసలు పడింది. మాస్టారు లెక్కల ఉపాధ్యాయులు కావడంతో ఊరుకోలేదు. బ్యాంకుకు వెళ్లి అడిగారు.

బ్యాంకువారు ప్రోగ్రాము తెరిచి చూశారు. అది కోబాల్ అనే భాషలో రాసినది. ఆ భాషలో ఒక విశేషం ఉన్నది. లెక్క చేయమన్నప్పుడు “రౌండెడ్” అనే మాట చేరిస్తేనే ఫలితం దగ్గరి పైసాకు సవరింపబడుతుంది. ఆ మాట లేకపోతే మిగిలిన దశాంశ స్థానాలను కోబాల్ కోసి పారవేస్తుంది. బ్యాంకువారు చూసిన ప్రోగ్రాములో ఆ మాట స్పష్టంగా ఉన్నది. “మా లెక్క సరిగానే ఉన్నది మాస్టారూ” అన్నారు. “కాగితంమీద సరిగానే ఉన్నది. నా పాసుపుస్తకంలో లేదు” అన్నారు మాస్టారు.

ఇది ఊహించి చెప్పిన కథే. ఇటువంటి తేడా ఎట్లా వస్తుందో మాత్రం ఊహ కాదు. ఎప్పుడో “రౌండెడ్” అనే మాట చేర్చారు గాని, చేర్చిన తర్వాత యంత్రానికి మళ్లీ అనువాదం చేసి ఇవ్వలేదు. యంత్రం పాత అనువాదాన్నే నమ్మకంగా నడుపుతున్నది. ఒక పైసాయే కదా అనుకోవద్దు. పది లక్షల ఖాతాల్లో ఖాతాకు ఒక పైసా చొప్పున పోతే నెలకు 10,000 రూపాయలు. పైగా పైసా తప్పుగా వేసే యంత్రం రేపు రూపాయి తప్పుగా వేయదని నమ్మకం ఏమిటి?

అనువాదం జరిగే తీరు

ప్రపంచంలో పెద్ద బ్యాంకులు, బీమా సంస్థలు అనేకం నేటికీ తమ లెక్కలను మెయిన్‌ఫ్రేము అనే భారీ కంప్యూటర్లపై నడుపుతున్నాయి. ఐ.బి.ఎం. సంస్థ 1964 ఏప్రిల్ 7న ప్రకటించిన సిస్టం-360 అనే యంత్ర కుటుంబం వీటికి ముత్తాత. ఆ కుటుంబంలో నేటి యంత్రాలు కూడ ఆనాటి ఆజ్ఞలను అర్థం చేసుకొంటాయి. కోబాల్ భాష అంతకన్న కొంచెం పెద్దది. దాని రూపకల్పన 1959లో మొదలైనది. కనుక ముప్పై, నలభై ఏళ్ల క్రితం అనువాదమైన ప్రోగ్రాము నేటికీ మార్పు లేకుండా నడుస్తూ ఉండడం ఈ రంగంలో వింత కాదు.

మనిషి కోబాల్‌లో రాసినదాన్ని మూల ప్రోగ్రాము అంటాం. కంపైలరు అనే మరొక ప్రోగ్రాము దాన్ని చదివి యంత్రభాషలోకి, అనగా అంకెల వరుసలోకి, మారుస్తుంది. ఆ తర్వాత లింకేజి ఎడిటరు అనే కూర్పరి ఆ ముక్కను, అవసరమైన ఇతర ముక్కలను జతచేసి లోడ్ మాడ్యూలు అనే పూర్తి వస్తువును తయారుచేస్తుంది. యంత్రం నడిపేది దీన్నే. మూల ప్రోగ్రాములు ఒక గ్రంథాలయంలో ఉంటాయి, లోడ్ మాడ్యూళ్లు వేరొక గ్రంథాలయంలో ఉంటాయి. రెంటికీ పేరు ఒకటే కావచ్చు. కాని పేరు ఒకటైనంత మాత్రాన తండ్రీ బిడ్డా అని తీర్మానించరాదు.

ఈ సంబంధం తెగిపోవడానికి దారులు చాలా ఉన్నాయి. మూలాన్ని మార్చి అనువాదం చేయడం మరచిపోవచ్చు. అర్ధరాత్రి పని ఆగిపోతే ఎవరో తన సొంత ప్రతిని సవరించి, అనువదించి, యంత్రానికి ఇచ్చి, ఆ సవరణను అసలు గ్రంథాలయంలో చేర్చకుండానే ఇంటికి వెళ్లిపోవచ్చు. యంత్రం చెడినప్పుడు భద్రపరచిన ప్రతులనుంచి ఒక గ్రంథాలయాన్ని నిన్నటి స్థితికి, మరొకదాన్ని మొన్నటి స్థితికి తేవచ్చు. వీటిలో దురుద్దేశం ఏమీ లేదు. అయినా ఫలితం ఒకటే: కాగితం ఒక మాట చెబుతుంది, యంత్రం మరొక పని చేస్తుంది.

రెండువేల సంవత్సరపు పాఠం

ఈ చిక్కు ఎంత పెద్దదో లోకానికి తెలిసినది 1990ల చివర. పాత ప్రోగ్రాములు సంవత్సరాన్ని రెండు అంకెలతోనే రాసుకొనేవి. 99 తర్వాత 00 వస్తే యంత్రం దాన్ని 1900 అనుకొనే ప్రమాదం ఉన్నది. కోట్లకొద్దీ కోబాల్ పంక్తులను చదివి దిద్దవలసి వచ్చినది. ఆ పనికి మన దేశంనుంచి, ముఖ్యంగా తెలుగు ప్రాంతాలనుంచి, వేలమంది యువకులు కోబాల్ నేర్చుకొని బయలుదేరారు. హైదరాబాదులో కంప్యూటరు శిక్షణ ఒక పెద్ద వృత్తిగా మారినది ఆ కాలంలోనే.

దిద్దుబాటుకు కూర్చున్నవారికి మొదట ఎదురైన ప్రశ్న “ఎట్లా దిద్దాలి?” అన్నది కాదు, “ఏది దిద్దాలి?” అన్నది. కొన్ని లోడ్ మాడ్యూళ్లకు మూలం ఎక్కడా దొరకలేదు. కొన్నింటికి ఒకే పేరుతో మూడు నాలుగు మూలాలు దొరికినవి. వాటిలో నడుస్తున్నదానికి తండ్రి ఏది? తప్పు ప్రతిని ఎన్నుకొని, దానిలో సంవత్సరాన్ని దిద్ది, అనువదించి యంత్రానికి ఇస్తే సంవత్సరం సరిపడుతుంది గాని ఎన్నడో సరిచేసిన పాత తప్పులన్నీ తిరిగి బ్రతుకుతాయి. అందుచేత దిద్దుబాటుకంటె ముందు సరిపోల్చడం ఒక పనిగా నిలిచినది.

తేదీలు ఎంతవరకు సాక్ష్యం?

అందరికీ మొదట తోచే పరీక్ష తేదీలది. మూలం చివరిసారి మారిన తేదీ గ్రంథాలయంలో ఉంటుంది. అనువాదం జరిగిన తేదీ లోడ్ మాడ్యూలులోనే రాసి ఉంటుంది. ఏ కంపైలరు అనువదించినది, కూర్పరి ఎప్పుడు కూర్చినది అనే వివరాలు కూడ దానిలో ఒక మూల చేరి ఉంటాయి. వాటిని చదివి చూపే ఉపకరణాలు మెయిన్‌ఫ్రేములో ఉన్నాయి. మూలం మారిన తేదీ ముందు, అనువాదమైన తేదీ తర్వాత అయితే అంతా సరి అనిపిస్తుంది.

మాస్టారి కథలో తప్పును ఈ పరీక్ష వెంటనే పట్టేది. కాని దీనిలో మూడు చిల్లులు ఉన్నాయి. మొదటిది: కోబాల్ ప్రోగ్రాము తన వివరాలన్నీ తానే రాసుకోదు. అనేక ప్రోగ్రాములకు ఉమ్మడిగా పనికివచ్చే భాగాలను కాపీబుక్ అనే విడి పత్రంలో ఉంచి, అనువాద సమయంలో తెచ్చుకొంటుంది. కాపీబుక్ మారితే అనువాదం మారుతుంది, మూలం తేదీ మాత్రం మారదు. రెండవది: కూర్పరి జతచేసిన ఉపప్రోగ్రాముల సంగతి. అవి పాతవా, కొత్తవా అన్నది ప్రధాన ప్రోగ్రాము తేదీ చెప్పదు. మూడవది: అనువాదం ఆ రోజున జరిగిన మాట నిజమే, కాని ఏ ప్రతినుంచి జరిగినది? గ్రంథాలయంలోని ప్రతినుంచా, ఎవరి సొంత ప్రతినుంచా? తేదీకి ఆ సంగతి తెలియదు.

తేదీకన్న గట్టి ఏర్పాటు ఒకటి డి.బి.2 అనే దత్తాంశ వ్యవస్థలో ఉన్నది. రసీదు పుస్తకాన్ని గుర్తుతెచ్చుకోండి. చేతికి ఇచ్చే రసీదుమీద, పుస్తకంలో మిగిలే అడుగుకాగితంమీద ఒకే సంఖ్య ఉంటుంది. డి.బి.2 వాడే ప్రోగ్రామును అనువదించే ముందు అది రెండు ముక్కలు అవుతుంది. ఒకటి లోడ్ మాడ్యూలులోకి, మరొకటి డి.బి.2లోకి చేరుతుంది. రెండు ముక్కల మీద ఒకే గుర్తు పడుతుంది. నడిచేటప్పుడు డి.బి.2 ఆ గుర్తులను సరిచూస్తుంది. గుర్తులు కలవకపోతే “మైనస్ 818” అనే తప్పు సంఖ్య చూపి పనిని ఆపివేస్తుంది. మెయిన్‌ఫ్రేము పాఠం చదువుకొనే ప్రతి విద్యార్థికీ ఈ సంఖ్య పరిచయమే. చాలామంది దీన్ని విసిగించే ఆటంకంగా భావిస్తారు. నిజానికి ఇది కాపలావాడు. అయితే ఈ కాపలావాడు చెప్పగలిగేది రెండు ముక్కలు ఒకే కాన్పులో పుట్టినవి అని మాత్రమే. బీరువాలో ఉన్న మూలమే వాటి తల్లి అని అతడు చెప్పలేడు.

మళ్లీ అనువదించి చూస్తే?

ఇక సూటి పరీక్ష. బీరువాలోని మూలాన్ని ఇప్పుడు మళ్లీ అనువదించి, వచ్చిన ఫలితాన్ని నడుస్తున్న లోడ్ మాడ్యూలుతో అంకెకు అంకె పోల్చితే సరిపోదా? ఆలోచన మంచిదే. కాని మొదటిసారి చేసినవారు నిరుత్సాహపడతారు. రెండూ తప్పకుండా వేరుగా వస్తాయి.

కారణం కష్టమైనది కాదు. ఒక తెలుగు వాక్యాన్ని ఇద్దరు విద్యార్థులకు ఇచ్చి ఇంగ్లీషులోకి అనువదించమనండి. అర్థం ఒకటే, మాటలు వేరు. ఒకే విద్యార్థికి ఆరు నెలల తర్వాత ఇచ్చినా మాటలు మారవచ్చు. కంపైలర్ల సంగతీ ఇంతే. కంపైలరు కొత్తదైతే అంకెల వరుస మారుతుంది. కంపైలరు అదే అయినా, వేగంగా నడిచేటట్లు అనువదించు అనో, పరీక్షకు అనువుగా అనువదించు అనో ఇచ్చే ఐచ్ఛిక ఆజ్ఞలు మారితే వరుస మారుతుంది. కాపీబుక్‌లు, ఉపప్రోగ్రాములు మారితే మారుతుంది. ఇవేవీ మారకపోయినా, అనువాదమైన తేదీ, సమయం మాడ్యూలులో రాయబడతాయి గనుక కనీసం అక్కడైనా మారుతుంది.

అందుచేత ఈ పరీక్షను ప్రయోగశాలలో చేసే పనివలె క్రమంగా చేయవలె. ఆనాటి కంపైలరే, ఆనాటి ఐచ్ఛిక ఆజ్ఞలే, ఆనాటి కాపీబుక్‌లు, ఉపప్రోగ్రాములే వాడవలె. అప్పుడు మిగిలే తేడాలు ఏ స్థానాల్లో రావచ్చునో ముందే రాసిపెట్టుకోవచ్చు: తేదీ ఉండే చోటు, సమయం ఉండే చోటు. పోల్చిన తర్వాత ప్రతి తేడాకూ కారణం చెప్పగలిగితే మూలమూ, మాడ్యూలూ కలిసినవి. ఒక్క తేడాకు కారణం దొరకకపోయినా కలవలేదనే అర్థం. “చిన్న తేడాయే” అన్న సమాధానం ఇక్కడ చెల్లదు.

ఆనాటి కంపైలరు ఇప్పుడు లేకపోతే ఏమి చేయవలె? ఐ.బి.ఎం. కోబాల్ కంపైలర్లలోనే తరాలు మారినవి. అటువంటప్పుడు అంకెలను పోల్చలేము; ప్రవర్తనను పోల్చవలె. పాత మాడ్యూలుకు, కొత్తగా అనువదించినదానికి ఒకే ఖాతాలు ఇచ్చి, రెండింటి ఫలితాలను వరుసకు వరుస సరిచూస్తారు. ఇది ఎంతో ఉపయోగకరమైన పరీక్ష. కాని మనం ఇచ్చిన ఖాతాల్లో తప్పు బయటపడే ఖాతా లేకపోతే, తప్పు లోపలే దాగి ఉండగలదు. మాస్టారి ఖాతాలో 7,350కి బదులు 8,000 రూపాయలు ఉంటే వడ్డీ సరిగా 50 రూపాయలు. సవరించడానికి, కోయడానికి మిగిలే అంకె ఏదీ ఉండదు. రెండు ప్రోగ్రాములూ ఒకే జవాబు చెప్పేవి.

ఒక్క బిట్టు

“చిన్న తేడా” అనే మాట ఎందుకు చెల్లదో ఒక ఉదాహరణతో చూద్దాం. సిస్టం-360 కుటుంబపు యంత్రభాషలో రెండు దశాంశ సంఖ్యలను కూడమనే ఆజ్ఞకు సంకేతం 250. తీసివేయమనే ఆజ్ఞకు సంకేతం 251. ద్విసంఖ్యామానంలో రాస్తే మొదటిది 11111010, రెండవది 11111011. ఎనిమిది బిట్లలో ఏడు ఒకటే. చివరి బిట్టు సున్న అయితే ఖాతాలో సొమ్ము చేరుతుంది, ఒకటి అయితే పోతుంది!

లోడ్ మాడ్యూలులో ఇటువంటి అంకెను మూలం జోలికి పోకుండా నేరుగా మార్చే ఉపకరణం కూడ మెయిన్‌ఫ్రేములో ఉన్నది. వాడుకలో దాన్ని సూపర్‌జాప్ అంటారు. మూలం దొరకని ప్రోగ్రామును అత్యవసరంగా దిద్దడానికి అది వరమే. చెడ్డ చేతిలో పడితే శాపం. దాన్ని మామూలు పద్ధతిలో వాడితే, దిద్దినట్లు మాడ్యూలులోనే ఒక నమోదు పడుతుంది. అందువల్ల తనిఖీ చేసేవారు ముందుగా ఆ నమోదులను చదువుతారు. సూపర్‌జాప్ వాడే అధికారాన్ని బహు కొద్దిమందికే పరిమితం చేస్తారు.

ప్రోగ్రాముకు వేలిముద్ర

మూలాన్ని అనువదించిన రోజుననే మాడ్యూలుకు ఒక వేలిముద్ర తీసి భద్రపరిస్తే, తర్వాత ఎవరైనా దాన్ని ముట్టినారా లేదా అన్నది క్షణంలో తెలుస్తుంది. ఈ వేలిముద్ర కూడ ఒక లెక్కే. దీన్ని తరగతిలో నల్లబల్ల మీద చేసి చూపవచ్చు.

ఐదు అంకెల చిన్న ప్రోగ్రామును తీసుకొందాం: 250, 18, 64, 7, 254. వీటి మొత్తం 593. దాన్ని 97 తో భాగిస్తే శేషం 11. ఇదే మన వేలిముద్ర. ఎవరో 250ని 251 చేస్తే మొత్తం 594, శేషం 12. దొంగ దొరికాడు. కాని 18, 64 ల స్థానాలను తారుమారు చేస్తే? మొత్తం మారదు, శేషం 11గానే ఉంటుంది. దొంగ దొరకడు.

పద్ధతిని కొంచెం మెరుగుపరుద్దాం. మొదటి అంకెను 1 తో, రెండవదాన్ని 2 తో, మూడవదాన్ని 3 తో, ఇట్లా గుణించి కూడుదాం. మొత్తం 1,776, శేషం 30. ఇప్పుడు 18, 64 లను తారుమారు చేస్తే మొత్తం 1,730, శేషం 81. ఈసారి దొరికాడు. విద్యార్థులు సంతోషించే లోపల ఉపాధ్యాయుడు మరొక ప్రశ్న వేయవచ్చు: 250ని 252 చేసి, 18ని 17 చేస్తే? మొదటిచోట 2 పెరిగినది, రెండవచోట రెండు ఒకట్లు 2 తగ్గినవి. శేషం మళ్లీ 30! తెలివైన దొంగకు ఈ తాళం కూడ తెరుచుకొన్నది.

పొరపాటును పట్టే తాళం వేరు, పన్నాగాన్ని పట్టే తాళం వేరు అని దీనివల్ల తెలుస్తున్నది. గణితజ్ఞులు రెండవ రకం తాళాలకోసం చాలా శ్రమపడ్డారు. ఎం.డి.-5 అనే పద్ధతి 2004లోను, ఎస్.హెచ్.ఎ.-1 అనే పద్ధతి 2017లోను ఓడిపోయినవి. అనగా ఒకే వేలిముద్ర వచ్చే రెండు వేర్వేరు పత్రాలను తయారుచేసి చూపారు. నేడు ఎక్కువగా వాడుతున్నది ఎస్.హెచ్.ఎ.-256. ఎంత పెద్ద ప్రోగ్రామునైనా 256 బిట్ల ముద్రగా మారుస్తుంది. లోపల ఒక్క బిట్టు మారితే ముద్రలో సుమారు సగం బిట్లు మారిపోతాయి. దీనిని మోసగించే దారి ఇంతవరకు ఎవరికీ దొరకలేదు.

అయితే వేలిముద్ర పరిమితి కూడ తెలిసి ఉండవలె. నిన్నటి మాడ్యూలూ, నేటి మాడ్యూలూ ఒకటే అని అది చెబుతుంది. నిన్నటి మాడ్యూలు సరైన మూలంనుంచే వచ్చినదని చెప్పదు. ఆ సంగతి చెప్పడానికి పుట్టిన రోజున మూలం ముద్ర, కాపీబుక్‌ల ముద్రలు, కంపైలరు పేరు, ఐచ్ఛిక ఆజ్ఞలు, మాడ్యూలు ముద్ర, అన్నీ ఒకే చిట్టాలో రాసి ఉండవలె. ఆ చిట్టా ప్రోగ్రాము రాసినవారి చేతిలో ఉండరాదు. పరీక్ష రాసినవాడే మార్కులు వేసుకోరాదు కదా!

అనువాదకుడే మోసగాడైతే?

మూలం నిర్మలం, చిట్టా సక్రమం. అయినా ఒక అనుమానం మిగులుతుంది. కంపైలరును నమ్మడం ఎట్లా? 1983వ సంవత్సరపు ట్యూరింగ్ పురస్కారం అందుకొన్న కెన్ థాంప్సన్ తన ఉపన్యాసంలో ఈ ప్రశ్ననే లేవదీశాడు. అది 1984లో అచ్చయినది. కంపైలరు ఒక ప్రత్యేక ప్రోగ్రామును గుర్తుపట్టి, దాని అనువాదంలో మాత్రం రహస్యద్వారం పెట్టేటట్లు చేయవచ్చునని, ఆ కంపైలరును దాని నిర్మలమైన మూలంనుంచే మళ్లీ తయారుచేసినా ఆ దుర్గుణం వంశపారంపర్యంగా కొత్తదానికి సంక్రమించేటట్లు చేయవచ్చునని ఆయన చూపాడు. అటువంటి చోట మూలాన్ని ఎన్నిసార్లు చదివినా ప్రయోజనం లేదు.

దీనికి విరుగుడును డేవిడ్ వీలర్ అనే శాస్త్రజ్ఞుడు 2005లో వివరించాడు. అనుమానం ఉన్న కంపైలరు మూలాన్ని, దానితో సంబంధంలేని మరొక కంపైలరుతో అనువదించవలె. అట్లా వచ్చిన కంపైలరుతో అదే మూలాన్ని మళ్లీ అనువదించి, ఫలితాన్ని అనుమానపు కంపైలరుతో అంకెకు అంకె పోల్చవలె. కలిస్తే మోసం లేదని నమ్మవచ్చు. ఒకరినొకరు ఎరుగని ఇద్దరు సాక్షులు ఒకే మాట చెప్పినట్లు అన్నమాట.

ఇది పండితుల చర్చ మాత్రమే కాదని 2020 డిసెంబరులో తేలినది. అమెరికాలో సోలార్‌విండ్స్ అనే సంస్థ తయారుచేసే ఒరాయన్ అనే ప్రోగ్రాములోకి చొరబాటుదారులు రహస్య భాగాన్ని జొప్పించారు. వారు గ్రంథాలయంలోని మూలాన్ని ముట్టలేదు. అనువాదం జరిగే క్షణంలో ఒక మూలపత్రాన్ని మార్చి, అనువాదం కాగానే యథాస్థానంలో పెట్టారు. సంస్థ ఆ ఫలితంమీద తన అధికారముద్ర వేసి పంపినది. 18,000 వరకు సంస్థలకు అది చేరి ఉండవచ్చునని తేలినది. వాటిలో ప్రభుత్వ శాఖలు కూడ ఉన్నాయి. వేరొకచోట, వేరొకరు అదే మూలాన్ని అనువదించి పోల్చి ఉంటే తేడా బయటపడేది. ఎవరు అనువదించినా అంకెకు అంకె ఒకటే ఫలితం వచ్చేటట్లు ప్రోగ్రాములను తీర్చిదిద్దే ఉద్యమం ఒకటి నేడు నడుస్తున్నది. డెబియన్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ సంఘం దానిలో ముందున్నది. వారు మొదట సరిదిద్దినవాటిలో ఒకటి మనం పైన చూసిన తేదీ, సమయం సమస్యే.

మన ఊళ్లో ఇదే ప్రశ్న

ఎల్.బి.నగర్ చౌరస్తానుంచి నాగోల్, ఉప్పల్ మీదుగా ఉత్తరానికి వెళితే కుషాయిగూడ దగ్గర ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా వస్తుంది. అందరూ ఇ.సి.ఐ.ఎల్. అనే సంస్థ ఇదే. 1967లో అణుశక్తి శాఖ క్రింద ఏర్పడి, టి.డి.సి. అనే పేరుతో కంప్యూటర్లను తయారుచేసినది. నేడు బెంగుళూరులోని భారత్ ఎలక్ట్రానిక్స్‌తో పాటు ఎన్నికల ఓటింగు యంత్రాలను తయారుచేస్తున్నది కూడ ఈ సంస్థే.

ఓటింగు యంత్రం మెయిన్‌ఫ్రేము కాదు, అరచేతిలో ఇమిడే చిన్న చిప్పుతో నడుస్తుంది. ప్రశ్న మాత్రం అదే: చిప్పులో ముద్రించినది ఆమోదించిన మూలానికి అనువాదమేనా? 2024 ఏప్రిల్ 26న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పులో దీనికి ఒక ఏర్పాటు ఉన్నది. ఫలితాలు వచ్చిన తర్వాత రెండవ, మూడవ స్థానాల్లో ఉన్న అభ్యర్థులు ఏడు రోజుల్లోగా లిఖితపూర్వకంగా కోరితే, ఒక్కొక్క శాసనసభా నియోజకవర్గ పరిధిలో 5 శాతం యంత్రాల చిప్పుల్లో ముద్రించిన ప్రోగ్రామును తయారీ సంస్థల ఇంజనీర్లు పరీక్షించవలెనని కోర్టు చెప్పినది. ఓట్లను చీటీలతో నూటికి నూరుపాళ్లు సరిచూడవలెనన్న కోరికను మాత్రం అంగీకరించలేదు.

ఇక్కడ రెండు వేర్వేరు పద్ధతులు కనబడుతున్నాయి. ఒకటి ప్రోగ్రామును పరీక్షించడం. రెండవది ప్రోగ్రాముతో నిమిత్తం లేకుండా ఫలితాన్ని పరీక్షించడం. ఓటరుకు ఏడు సెకన్లపాటు కనబడి పెట్టెలో పడే కాగితపు చీటీ రెండవ పద్ధతికి పనిముట్టు. బ్యాంకులో మాస్టారు కాగితం మీద వేసిన వడ్డీ లెక్క కూడ అటువంటిదే. ఆయనకు కోబాల్ తెలియదు, లోడ్ మాడ్యూలు అంటే తెలియదు. అయినా తప్పును పట్టినది ఆయనే. అయితే తప్పు ఉన్నదని మాత్రమే ఆయన చెప్పగలడు, ఎక్కడ ఉన్నదో చెప్పలేడు. అది చెప్పవలసినది బ్యాంకువారు.

వారు వెదకవలసిన వరుస ఇప్పుడు పాఠకులకు తెలిసినదే. నడుస్తున్న మాడ్యూలు ఏది? దాని తేదీలు, దిద్దుబాటు నమోదులు ఏమి చెబుతున్నాయి? పుట్టిననాటి చిట్టా ఉన్నదా, ముద్రలు కలుస్తున్నాయా? అదే కంపైలరుతో, అవే ఆజ్ఞలతో, అవే కాపీబుక్‌లతో మళ్లీ అనువదిస్తే వచ్చిన ప్రతి తేడాకూ కారణం చెప్పగలమా? ఈ ప్రశ్నలకు జవాబు చెప్పకుండా “మూలంలో సరిగానే ఉన్నది” అనడం, పప్పులో ఉప్పు ఎక్కువైనదన్న అతిథికి వంట పుస్తకం తెరిచి చూపడంవంటిది.

ఉపాధ్యాయులు ఈ పాఠాన్ని తరగతిలో చెప్పదలిస్తే పైన ఇచ్చిన ఐదు అంకెలతో మొదలుపెట్టవచ్చు. ఒక విద్యార్థి శేషం లెక్కకట్టి తనవద్ద దాచుకోవలె. మరొక విద్యార్థి శేషం మారకుండా రెండు అంకెలను మార్చడానికి ప్రయత్నించవలె. 250ని 252 చేసిన పద్ధతి కాక ఇంకా ఎన్ని దారులు ఉన్నాయో వెదకమనండి. అట్లా దొరకకుండా ఉండాలంటే లెక్కను ఎట్లా మార్చవలెనో ఆ తర్వాత అడగండి. దొంగ వేషం వేసినవారికే తాళం సంగతి బాగా తెలుస్తుంది.